పాత పాటల గ్రూపులో ఏ భాషలో రాయాలి, ఏది పెట్టాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రూపు మొదలైనప్పుడు ఓ ఇరవై మందిమి ఉండేవాళ్ళం. అప్పుడు ఒకటే నియమం: పాటల గురించి మాట్లాడండి, రాజకీయాలు వద్దు. తర్వాత జనం పెరిగారు, గొడవ వచ్చినప్పుడల్లా ఒక నియమం చేరింది. ఒకటి నేను తెలుగులో రాస్తే, ఇంకోటి మరో అడ్మిన్ ఇంగ్లీషులో రాశారు. ఇప్పుడు పిన్ చేసిన మెసేజ్ తీసి చూస్తే ఒకచోట 'తెలుగులోనే రాయాలి' అని ఉంది, నాలుగు లైన్ల కింద 'ఇంగ్లీషుకి అభ్యంతరం లేదు' అని ఉంది. ఇది చదివి తికమక పడినవాళ్ళ తప్పేం లేదు, రాసిన మాదే తప్పు. నాకు విడిగా వచ్చిన ప్రశ్నలన్నీ పోగేసి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. పిన్ మెసేజ్‌కీ దీనికీ తేడా కనబడితే దీన్నే పట్టుకోండి.

అసలు తెలుగులో రాయాలా, ఇంగ్లీషులో రాయాలా?

ఏదైనా సరే. తెలుగు రాస్తే తెలుగు లిపిలో రాయండి, ఇంగ్లీషు రాస్తే ఇంగ్లీషులో రాయండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాత్రం వద్దంటున్నాం. 'తెలుగులోనే రాయాలి' అన్న వాక్యం నిజానికి 'తెలుగు రాసేటప్పుడు తెలుగు లిపిలోనే రాయాలి' అని ఉండాలి. హడావిడిలో మధ్య మాటలు ఎగిరిపోయాయి. ఆ ఎగిరిపోయిన మాటల వల్ల ఇద్దరు ముగ్గురు అలిగి వెళ్ళిపోయారు కూడా.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే తప్పేంటి? అందరూ అలాగే కదా చాటింగ్ చేసేది.

ఇద్దరు స్నేహితులు 'ఎక్కడున్నావ్, తిన్నావా' అనుకోవడానికి అది చాలు. పాటల గ్రూపుకి వచ్చేసరికి మొదటి మాట దగ్గరే బోల్తా పడుతుంది. పి, రెండు ఏలు, టి, ఏ కొట్టండి. అది 'పాట'నా, 'పాత'నా? మన గ్రూపు పేరులోనే ఆ రెండు మాటలూ ఉన్నాయి. ఒకాయన 'నాకు ఈ పాట నచ్చలేదు' అని రాస్తే, చదివినాయన 'ఈ పాతవి నచ్చలేదు' అనుకుని 'మరి ఈ గ్రూపులో ఎందుకున్నారండీ' అని అడిగారు. ఆ పూటంతా అదే పంచాయితీ.

'కల' రాస్తే కల అవుతుందో కళ అవుతుందో తెలియదు. 'మళ్ళీ' రాస్తే మల్లి అయిపోతుంది. 'పాడు' రాస్తే పాడమంటున్నారో, మొక్క చుట్టూ చేసే పాదు అంటున్నారో! ట, త, డ, ద, ల, ళ, న, ణ మధ్య తేడా పోతే మన పాటల్లో సగం రుచి పోయినట్టే. పైగా తలా ఒక స్పెల్లింగు. 'లత' అని రాయడానికి మనవాళ్ళు టి పక్కన హెచ్ పెడతారు, ఉత్తరాది వాళ్ళు పెట్టరు. రేపు ఎవరైనా ఒక పాట కోసం పాత మెసేజ్‌లలో వెతికితే, అయిదుగురు అయిదు రకాలుగా రాసిన ఆ పేరు ఒక్కటీ దొరకదు.

ఇది మొదటినుంచీ ఉన్న సమస్యే. 1990ల్లో ఇంటర్నెట్టులో తెలుగు అక్షరాలు కనబడని రోజుల్లో, అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతోనే పద్యాలు, పాటలు రాసుకునేవారు. అందుకోసం ఆర్‌టీఎస్ అని ఒక పద్ధతి ఉండేది. అమెరికాలోని రైస్ యూనివర్సిటీ పేరు మీద వచ్చిన పద్ధతి అది. అందులో చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. చిన్న ఎల్ అయితే ల, పెద్దది అయితే ళ. ఆ క్రమశిక్షణతో రాస్తే అర్థం ఎక్కడా చెడదు. ఇప్పుడు మనం ఫోనులో కొట్టేదానికి ఆ క్రమశిక్షణ లేదు, అప్పటి అవసరమూ లేదు.

ఇంకో కారణం ఉంది, ఇది చాలామందికి తెలియదు. మనలో కొందరికి చూపు సరిగా లేదు. వాళ్ళు ఫోను చేత మెసేజ్‌లు చదివించుకుని వింటారు. తెలుగు లిపి అయితే ఫోను తెలుగులో చదువుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగుని అది ఇంగ్లీషు గొంతుతో, ఇంగ్లీషు యాసలో చదువుతుంది. ఒక్కసారి మీ ఫోనులో పెట్టుకుని వినండి, నేను ఇంకేం చెప్పక్కర్లేదు.

మరి తెలుగు చదవడం, రాయడం రానివాళ్ళ సంగతేంటి?

వాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో రాయచ్చు. ఇది మినహాయింపు. ఎలా వచ్చిందో చెప్తాను, ఎందుకంటే తప్పు నాది.

డాలస్‌లో పుట్టి పెరిగిన ఒక అమ్మాయి ఉంది. తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడుతుంది, లిపి రాదు. గ్రూపులో చేరి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేది. నేను నియమం చూపించి తీసేశాను. మళ్ళీ రాసింది, మళ్ళీ తీశాను. మూడోసారి తీశాక గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఆ రాత్రి వాళ్ళ అమ్మమ్మగారు గుడివాడ నుంచి ఫోన్ చేశారు. ఆవిడా మన సభ్యురాలే. కోప్పడలేదు. "దానికి వచ్చిన తెలుగు అంతే బాబూ. అది కూడా తీసేస్తే ఇంకేం మిగులుద్ది?" అన్నారు. నేను "క్షమించండమ్మా, రేపే మార్చేస్తాను" అన్నాను. మార్చాను.

ఇప్పటి పద్ధతి ఇది. లిపి రానివాళ్ళు పోస్టు మొదట్లో 'లిపి రాదు' అనే అర్థం వచ్చేలా ఒక గుర్తు పెట్టాలి. మేం పచ్చ చుక్క ఎంచుకున్నాం. ఆ చుక్క కనబడితే ఎవరూ ఏమీ అనకూడదు. ఖాళీగా ఉన్నవాళ్ళెవరైనా దాని కిందే అదే మాటని తెలుగు లిపిలో పెడతారు. దానివల్ల గుడివాడలో ఉన్నావిడ చదువుకోగలరు, డాలస్‌లో ఉన్న అమ్మాయి రాయగలదు. ఆ అమ్మాయి తిరిగొచ్చింది. పాట మొదలైన రెండు సెకన్లలో అది జిక్కి గొంతో, పి. లీల గొంతో చెప్పేస్తుంది. నాకు ఇప్పటికీ ఒక్కోసారి తడబాటే.

లిపి వచ్చి, బద్ధకం కొద్దీ పచ్చ చుక్క పెట్టేవాళ్ళు ఉన్నారని మాకు తెలుసు. పట్టుకుని నిలదీయం, కానీ సిగ్గుపడండి కాస్త.

తెలుగు టైపింగ్ నాకు చాలా కష్టం. దగ్గరి దారి ఏమైనా ఉందా?

ఫోను కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు భాష చేర్చుకోండి. అందులో రెండు మూడు రకాల అమరికలు చూపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే రకం ఎంచుకుంటే ఇవాళే మొదలుపెట్టేయచ్చు. అసలు తెలుగు అక్షరాల కీబోర్డు నేర్చుకోవడానికి ఓ వారం పడుతుంది, కానీ వేగం దానిదే. కంప్యూటర్‌లో అయితే లేఖిని అనే వెబ్‌సైటు ఉంది, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది. విండోస్‌లో కూడా తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది.

అదీ కుదరకపోతే మైకు బొమ్మ నొక్కి మాట్లాడండి. సంగీత దర్శకుడి పేరు 'పెండ్యాల' అంటే ఇంకేదో రాస్తుంది, దిద్దుకోండి. దిద్దకపోయినా పర్లేదు. అక్షరదోషాలకి ఎవరినీ ఆటపట్టించకూడదన్నది ఈ గ్రూపులో తిరుగులేని నియమం. ళ్ళ రాయాలా ళ్ల రాయాలా అన్న చర్చ కూడా ఇక్కడ వద్దు. రెండూ ఒప్పే.

పాత డీటీపీ ఫైళ్ళలోంచి కాపీ చేసి పెట్టేవాళ్ళకి ఒక మాట. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోనులోనైనా తెలుగు ఒకేలా కనబడే పద్ధతి) రాకముందు ఫాంట్లలో కంపోజ్ చేసిన పాట మీ కంప్యూటర్‌లో చక్కగా కనబడుతుంది, మాకు మాత్రం గజిబిజి గుర్తులుగా వస్తుంది. దాన్ని ఫొటో తీసి పెట్టండి, ఎవరో ఒకరు టైపు చేస్తారు.

తెలుగు వాక్యంలో ఇంగ్లీషు మాటలు వాడితే తీసేస్తారా?

తీయం. 'ఈ పాటలో రెండో ఇంటర్లూడ్‌లో క్లారినెట్ బిట్ అదిరింది' అన్నది మంచి తెలుగు వాక్యమే. మ్యూజిక్ డైరెక్టర్ అనండి, సంగీత దర్శకుడు అనండి, మీ ఇష్టం. ఆ మాటల్ని తెలుగు లిపిలో రాస్తే చాలు. ఒకే వాక్యంలో రెండు లిపులు కలిపితే ఇందాక చెప్పిన చదివే ఫోను మధ్యలో తడబడుతుంది.

ఇంగ్లీషు పోస్టుకి తెలుగులో జవాబివ్వకూడదా? నా జవాబు కింద 'భాష చూసుకోండి' అన్నారు.

ఇవ్వచ్చు. అలా అన్నది అడ్మిన్ కాదు, ఉత్సాహం ఎక్కువైన ఒక సభ్యుడు. అడిగినవాళ్ళ భాషలో చెప్పగలిగితే చెప్పండి, లేకపోతే మీకు వచ్చిన భాషలో చెప్పండి. సారాంశం ఇంకొకరు ఒక లైనులో అందిస్తారు.

ప్రతి పోస్టుకీ అనువాదం పెట్టాలని ఉంది కదా?

లేదు. ఆ నియమం కేవలం అడ్మిన్ ప్రకటనలకి, నెలవారీ క్విజ్ ప్రశ్నలకి. మీ ముచ్చట మీ భాషలో ఉంటే చాలు.

అనువాదం పెట్టాలనిపిస్తే మాత్రం సొంతంగా చేయండి, రెండు వాక్యాలైనా సరే. యంత్రం చేసినదైతే 'యంత్రం చేసింది' అని పైన రాయండి. మామూలు విషయాలకి అది బాగానే పనికొస్తుంది, నుడికారం దగ్గర చతికిలబడుతుంది. ఒక పెద్దాయన 'ఆ రికార్డు సంపాదించడానికి నానా పాట్లు పడ్డాను' అని రాస్తే, ఇంగ్లీషులో ఆయన రకరకాల పాటలు పాడినట్టు వచ్చింది. పాటల గ్రూపు కదా, చదివినవాళ్ళు నిజమే అనుకుని 'ఏం పాడారు సార్' అని అడిగారు.

పాట సాహిత్యం మొత్తం పెట్టచ్చా? ఒకసారి వద్దన్నారు, ఇంకోసారి మీరే పెట్టారు.

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే, చెప్పడానికి కాస్త సమయం పట్టేదీ ఇదే.

మన నియమం: సినిమా పాట అయితే పల్లవి, ఒక చరణం దాకా. దాని మీద మీ మాట కూడా ఉండాలి, ఊరికే అతికించి వదిలేయకూడదు. విమర్శ, సమీక్ష, పరిశోధన కోసం కొంత ఎత్తి చూపడానికి 1957 నాటి కాపీరైట్ చట్టం ఒప్పుకుంటుంది, కానీ ఇన్ని లైన్లు అని లెక్క చెప్పదు. పల్లవీ చరణమూ అన్నది మేం గీసుకున్న గీత మాత్రమే.

'పాత పాటే కదా, ఇంకా హక్కులేంటి' అంటారు. పాట వయసుతో పని లేదు, రాసినాయన ఎప్పుడు పోయారన్నది లెక్క. మన దేశంలో సాహిత్యానికీ, బాణీకీ హక్కు ఆ రచయిత లేదా స్వరకర్త జీవితకాలం, వారు పోయిన మరుసటి ఏడాది మొదటినుంచి ఇంకో 60 ఏళ్ళు. సముద్రాల సీనియర్ 1968లో పోయారు, అంటే 2028 చివరిదాకా. పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, 2031 దాకా. దేవులపల్లి కృష్ణశాస్త్రి 1980, శ్రీశ్రీ 1983, ఆత్రేయ 1989. వీళ్ళ పాటల్లో ఒక్కటీ మన ఇష్టమొచ్చినట్టు పంచుకునే స్థితికి ఇంకా రాలేదు. వేటూరిది అయితే 2070 దాకా, అప్పటికి ఈ గ్రూపుకి అడ్మిన్ ఎవరో!

సినిమాకీ, రికార్డింగుకీ లెక్క వేరు. విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. 1963లో వచ్చిన 'లవకుశ'ని తీసుకోండి. సినిమాగా దాని గడువు 2023 డిసెంబరు 31తో ముగిసింది. కానీ అందులో సముద్రాల సీనియర్ రాసిన పాటల మాటలకి 2028 దాకా, ఘంటసాల కట్టిన బాణీలకి 2034 దాకా గడువు ఉంది. ఒకే పాటలో మూడు నాలుగు హక్కులు, ఒక్కోటి ఒక్కో తేదీన తీరుతుంది. ఉమ్మడి ఆస్తి పంపకాల్లా ఉంటుంది వ్యవహారం.

నేను పూర్తిగా పెట్టింది ఏదంటే త్యాగరాజ కీర్తన. అన్నమయ్య, రామదాసు, క్షేత్రయ్య, త్యాగరాజు, 1915లో పోయిన గురజాడ, వీళ్ళ రచనలు సినిమాలో వచ్చినా సరే, మాటలు మొత్తం పెట్టుకోవచ్చు. ఆ సినిమా రికార్డింగు మాత్రం వేరే సంగతి.

నేను సాహిత్యం పెట్టలేదు, ఇంగ్లీషు అనువాదం మాత్రమే పెట్టాను. అదెందుకు తీశారు?

పాట మొత్తాన్నీ లైను లైనుకీ అనువదించారు కాబట్టి. అనువాదం చేసే హక్కు కూడా రచయితదే అని చట్టం చెప్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి పెట్టినా అంతే. లిపి మారింది, పాట మారలేదు. రెండు భాషల గ్రూపులో అందరం తెలియక చేసే పొరపాటు ఇది. మేమూ ఏడాదిపాటు చేశాం, తర్వాత మా పోస్టులే మేం తీసుకున్నాం.

మరి తెలుగు అంతగా రాని పిల్లలకి పాట ఎలా అందుతుంది? భావం మీ మాటల్లో చెప్పండి. 'చెలి రాలేదని అలిగిన నాయకుడు వెన్నెల మీద నేరం మోపుతున్నాడు, వెన్నెల కూడా ఆమె పక్షమే అంటున్నాడు' అని ఒక పేరా రాస్తే లైను లైను అనువాదం కన్నా ఎక్కువ అందుతుంది. ఒక కష్టమైన మాట ఎంచుకుని దాని చుట్టూ రాయండి. మన గ్రూపులో ఇప్పటిదాకా వచ్చిన మంచి పోస్టులన్నీ అలాంటివే అని నా అభిప్రాయం.

లింకులు పెట్టచ్చన్నారు, ఆడియో ఫైలు పెడితే తీశారు. రెండూ పాటే కదా?

హక్కుదారు కంపెనీ స్వయంగా పెట్టిన చోటికి లింకు ఇస్తే విన్నవాళ్ళ లెక్క వాళ్ళకి చేరుతుంది. ఫైలు చేతులు మారితే ఎవరికీ చేరదు. 2012లో చట్టం మార్చి, థియేటర్ బయట పాట వాడితే వచ్చే రాయల్టీలో పాట రాసినవాళ్ళకీ, బాణీ కట్టినవాళ్ళకీ వాటా ఉండేలా చేశారు. చాలా ఏళ్ళ పోరాటం తర్వాత వచ్చిన హక్కు అది. అభిమానులమని చెప్పుకుంటూ మనమే గండి కొట్టడం బాగోదు.

మీరు సొంతంగా పాడింది అయితే రెండు నిమిషాల్లోపు వాయిస్ మెసేజ్‌గా పెట్టండి. మొదట పాట పేరు, సినిమా చెప్పి పాడండి. శ్రుతి గురించి అడిగితేనే చెప్పాలి, అడక్కుండా చెప్పకూడదు.

'పాత పాట' అంటే ఏ సంవత్సరం దాకా?

1985 దాకా విడుదలైన సినిమాలు. మీరు మొదటిసారి విన్న ఏడాది కాదు. ఎందుకు 1985 అంటే, ఓటింగ్ పెడితే అది గెలిచింది, అంతే. ఆకాశవాణి లలిత గీతాలు, ప్రైవేట్ ఆల్బమ్‌లు, ఘంటసాల భగవద్గీత లాంటివి సినిమా కాకపోయినా ఇక్కడివే.

రెండు భాషల గ్రూపు అన్నారు. తమిళ పాట పెడితే ఎందుకు ఊరుకున్నారు?

రెండు భాషలన్నది మనం మాట్లాడుకునే భాషల గురించి, పాట భాష గురించి కాదు. పైగా మద్రాసులో ఒకేసారి తెలుగు, తమిళాల్లో తీసిన సినిమాలు ఎన్నో ఉన్నాయి. 'మిస్సమ్మ' 1955లో రెండు భాషల్లోనూ వచ్చింది. తెలుగులో ఎన్టీఆర్ ఉన్న చోట తమిళంలో జెమినీ గణేశన్. సాలూరి రాజేశ్వరరావు బాణీ అదే, మాటలు వేరు. ఒకే బాణీ మీద రెండు భాషలు ఎలా కూర్చున్నాయో పోల్చి వినడం మనకి పండగ. అలాంటివి తప్పకుండా పెట్టండి, తెలుగు పాటతో సంబంధం ఏమిటో ఒక లైను రాయండి. సంబంధం లేని హిందీ పాటల వరస మాత్రం వద్దు.

పేర్లు పూర్తిగా రాయమని ఎందుకు పట్టుబడతారు? 'నాగేశ్వరరావు గారి పాట' అంటే తెలియదా?

ఏ నాగేశ్వరరావు? తెర మీద అక్కినేని నాగేశ్వరరావు, బాణీ పెండ్యాల నాగేశ్వరరావు, గొంతు పిఠాపురం నాగేశ్వరరావు. మీరు 'రామారావు గారు పాడినది' అంటే ఎన్టీఆర్ మీద తీసిన పాటో, సుందరకాండ పాడిన ఎం.ఎస్. రామారావు పాడినదో తేలదు. సత్యం అంటే సంగీత దర్శకుడు సత్యమూ ఉన్నారు, గాయకుడు మాధవపెద్ది సత్యమూ ఉన్నారు. సముద్రాల అంటే తండ్రి రాఘవాచార్యా, కొడుకు రామానుజాచార్యా? ఆ ఇద్దరి పాటలూ కలిపేసి వాదించుకున్న రోజులు బోలెడు.

తెలుగువాళ్ళకి ఇంటి పేరు ఊరికే రాలేదు, వాడండి. ఇంగ్లీషు పోస్టుల్లో ఉత్త ఇనీషియల్స్ వేస్తే ఇంకా ఇబ్బంది. బాలు, సుశీల, జానకి లాంటి పేర్లకి మినహాయింపు. వాళ్ళని ఇంటిపేరుతో పిలిస్తే పరాయివాళ్ళలా ఉంటుంది. 'గారు' పెట్టడం మీ ఇష్టం. పెట్టలేదని ఎవరినీ నిలదీయకండి, ఇంగ్లీషులో రాసేవాళ్ళకి ఆ మాటే లేదు.

గాయకుల్ని పోల్చకూడదా?

పోల్చచ్చు, కించపరచకూడదు. 1969లో 'భలే తమ్ముడు'లో ఎన్టీఆర్‌కి మహమ్మద్ రఫీ పాడారు. ఆ గొంతు ఆయనకి నప్పిందా, ఘంటసాల అయితే ఎలా ఉండేది అని మాట్లాడుకోవడం చక్కటి చర్చ. 'రఫీకి తెలుగు రాదు, ఎందుకు పాడించారో' అన్న దగ్గర ఆగిపోవాలి. ఆయన పలుకులో ఏ అక్షరం ఎలా పడిందో చెప్పండి, వింటాం. హీరోల అభిమానుల యుద్ధాలకి వేరే చోట్లు చాలా ఉన్నాయి.

ఫార్వర్డులు పూర్తిగా నిషేధమా?

ఎవరు రాశారో, ఎక్కడిదో తెలియనివి నిషేధం. సుశీల గారు పాడిన పాటల సంఖ్య ఒక్కో ఫార్వర్డులో ఒక్కోలా పెరుగుతూ పోతుంది. 2016లో గిన్నిస్ వాళ్ళు లెక్కగట్టి గుర్తించింది 17,695. అదే తక్కువన్నట్టు దాని మీద ఇంకో సున్నా ఎందుకు?

కళాకారులు పోయారన్న వార్తల విషయంలో మరీ జాగ్రత్త. బతికున్నవాళ్ళకి నివాళి పెట్టిన పాపం మన గ్రూపు ఒకసారి మూటగట్టుకుంది. పత్రికలోనో టీవీలోనో వచ్చాకే పెట్టండి. ఆ ఒక్క పోస్టు కిందే అందరూ నమస్కారం పెట్టుకోండి. వంద విడివిడి మెసేజ్‌లు వస్తే ఆ రోజు చెప్పుకోవాల్సిన పాటలు కిందకి కొట్టుకుపోతాయి.

ఇంకొకరి పాత ఫొటో, ఉత్తరం దొరికింది. పెట్టనా?

మీ ఇంటిది అయితే పెట్టండి. వేరేవాళ్ళది అయితే అడిగి పెట్టండి. అడ్రసులు, ఫోన్ నంబర్లు కనబడితే చెరిపేయండి.

నా పోస్టు ఎందుకు తీశారో ఎవరూ చెప్పలేదు. ఎవరిని అడగాలి?

ఇకమీద తీసినవాళ్ళే రెండు లైన్లు విడిగా రాసి కారణం చెప్తారు, మీ పోస్టు ఏ భాషలో ఉంటే ఆ భాషలో. చెప్పకపోతే ఇంకో అడ్మిన్‌ని అడగండి. తీసినవాళ్ళు కాక మిగతా ఇద్దరం చూసి, తప్పు మాదైతే తిరిగి పెట్టి గ్రూపులోనే చెప్తాం. లిపి గురించిన తప్పు అయితే మొదటిసారి తీయనే తీయం, కింద తెలుగులో రాసి ఊరుకుంటాం. డాలస్ వ్యవహారం తర్వాత నేర్చుకున్నది అది.

రాత్రి 10 దాటాక పోస్టులు వద్దన్నారు. మేం ఉండేది అమెరికాలో, మాకు అప్పుడే కదా తీరిక?

ఆ నియమం ఇంత తికమక పెడుతుందని రాసినప్పుడు తోచలేదు. హైదరాబాద్‌లో రాత్రి 10 అయితే ఎండాకాలం డాలస్‌లో పగలు పదకొండున్నర. ఎవరి రాత్రి అని రాయలేదు మరి. ఇప్పుడు సమయం అడ్డు లేదు, ఎప్పుడైనా పెట్టండి. ఇక్కడి లెక్కన రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఎవరినీ పేరుతో ట్యాగ్ చేయకండి, ఎందుకంటే అప్పుడు పక్కన పెట్టుకున్న ఫోను మోగుతుంది. గుడివాడ అమ్మమ్మగారికి మాత్రం ఈ రక్షణ అక్కర్లేదట. మనవరాలు పాట పెడితే ఏ వేళైనా లేపమన్నారు.